డాక్టరమ్మ ముఖానికి అరికాలు

మా ఆడపడుచు కూతురు నర్సింగ్ పూర్తి చేసి ఈ మధ్యనే ఉద్యోగంలో చేరింది. రోగి ఇల్లు కదలకుండా ఫోన్‌లోనే వైద్యం చేయించే కంపెనీ అట. "అత్తా, నువ్వు గదే పనిజేసి రిటైరైనవ్ గదా, మా కొత్త బ్యాచోళ్లకు నాలుగు మంచి మాటలు రాసియ్యరాదు" అని అడిగింది. మంచి మాటలు నా దగ్గర లేకపోలేదు. కాకపోతే ఆ పని గురించి నోరు విప్పితే ముందు కోపం వస్తుంది, మాటలు దాని వెనకాల వస్తాయి. కాబట్టి పిల్లల్లారా, ఈ పాత సిస్టర్‌ను కోపంతో కలిపే వినండి.

ముందే ఒక సంగతి చెబుతాను. నాకు ఫోన్ మీద పగ లేదు. కరోనా రోజుల్లో గడప దాటలేని గర్భిణులను, బీపీ మాత్రలు అయిపోయి బెంబేలెత్తిన పెద్దవాళ్లను ఫోన్‌లోనే డాక్టర్లతో మాట్లాడించి గట్టెక్కించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఊళ్లో ఉన్న మా అమ్మకూ అలాగే మందులు రాయించాను. మంచి పనిముట్టే. కత్తిపీట కూడా మంచి పనిముట్టే. దాంతో కూర తరుక్కోవాలి గానీ, వంటమనిషిని ఇంటికి పంపేసి ఇక కత్తిపీటే వండిపెడుతుంది అంటే ఎలా? మా దగ్గర జరిగింది అదే.

ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు నాచారంలో నడిపిన చిన్న క్లినిక్‌లో నేను చాలా ఏళ్లు పనిచేశాను. పారిశ్రామికవాడను ఆనుకున్న గల్లీ. వచ్చేవాళ్లంతా షెడ్లలో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. నల్గొండ, జనగామ, సిద్దిపేట వైపు నుంచి వచ్చి మల్లాపూర్, నాచారంలో గదులు తీసుకుని స్థిరపడినవాళ్లు. పొద్దంతా నిలబడి చేసే పని, కాళ్లకు బిగుతు బూట్లు, ఒంట్లో షుగర్. షుగర్ ముదిరితే పాదంలో స్పర్శ పోతుంది, మేకు దిగినా తెలియదు. అందుకే మా క్లినిక్‌లో రద్దీ అంతా డాక్టర్ గది ముందు కాదు, కట్లు కట్టే గది ముందే ఉండేది.

ఆ గదికి రాజు ఎవరంటే మా డ్రెస్సర్, కట్లు కట్టే మనిషి. మౌలాలి మనిషి, నాకన్నా పెద్దవాడు, అందరం భాయ్ అనేవాళ్లం. పొట్టి స్టూలు మీద కూర్చుని, ఒళ్లో రబ్బరు షీటు పరుచుకుని, వచ్చినవాడితో ముచ్చట మొదలుపెట్టేవాడు. "ఏం మామా, కట్టు గింత నల్లగైంది? బరాత్‌ల డాన్స్ జేసినవా ఏంది?" అనేవాడు. అవతలి మనిషి నవ్వి జవాబు వెతుక్కునేలోపు కాలు భాయ్ మోకాలి మీద ఉండేది. కాలు చూపించమని ఆయన ఎవరినీ అడగగా నేను వినలేదు. వంగి తనే తీసుకునేవాడు, కడిగేవాడు, చచ్చిన చర్మం తీసేవాడు, కట్టేవాడు. పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది క్రికెట్ గురించే.

ఒకరోజు హెడ్ ఆఫీసు నుంచి ఆపరేషన్స్ మేనేజర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నోట్లో మెత్తని మాట. కట్ల గది తలుపు దగ్గరే నిలబడి లోపలికి చూసి, జేబురుమాలు తీశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే తెలిసింది, ఆ గది మూసేస్తున్నారని. కట్టు సామాను డబ్బాలో పెట్టి ఇంటికి పంపిస్తారట. ఇంట్లోవాళ్లే కడతారట. మేము వీడియోలో చూస్తామట. భాయ్ కాంట్రాక్టు ఇక పొడిగించరట. ఆయన వెళ్లిపోయేరోజు నన్ను అడిగాడు, "సిస్టర్, ఫోన్‌ల పుండు ఎట్ల కడుగుతరు జర జెప్పున్రి?" అని. పెద్దగా నవ్వాడు కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నన్ను ఉప్పల్ తీసుకెళ్లి ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా మెట్రో స్తంభాలు. రైలు పోయినప్పుడల్లా అద్దాలు సన్నగా జివ్వుమనేవి. చెవులకు హెడ్‌ఫోన్, ముందు కంప్యూటర్. నేను రోగికి వీడియో కాల్ కలిపితే, డాక్టర్ తను ఉన్నచోటి నుంచే కలిసేది. రోగి గాయం చూపించాలి, డాక్టర్ చూడాలి, తెర మీద గడుల్లో టిక్కులు పెట్టాలి. గాయం చూశారా, నయమవుతోందా, ఇలా. టిక్కు పడితే తప్ప కాల్ ముగియదు, ఇంకో కాల్ రాదు. ఒక్కో కాల్ ఎంతసేపు సాగుతుందో గోడమీది పెద్ద తెరలో కనిపిస్తుంది. ఆలస్యమైతే ఆ వరుస ఎర్రబడుతుంది. ముప్పై ఏళ్లు రోగుల ముఖాలు చూసి పనిచేసిన దాన్ని, చివరికి గోడ రంగు చూసి పనిచేయడం నేర్చుకున్నాను.

నాతో ఎక్కువగా కలిసే డాక్టరమ్మ ఏఎస్ రావు నగర్ అమ్మాయి. తండ్రి ప్రభుత్వ రంగ కంపెనీలో ఇంజనీరుగా చేశాడట. చిన్న వయసు, మంచి మనసు. రోగిని విసుక్కోవడం ఆమెకు చేతకాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో ఆమెను దోషిగా నిలబెట్టడం చాలామందికి సులువైంది. నేను ఆ పని చేయను.

ఇక అసలు మనిషి. నాచారంలో ఒక షెడ్డులో లేత్ మిషన్ నడిపేవాడు, మేస్త్రి అందాం. నలభై దాటిన మనిషి. కుడి అరికాల్లో, బొటనవేలి కింద పుండు. భాయ్ చేతుల్లో ఉన్నన్నాళ్లు పుండు పూడుతూ వచ్చింది. ఇంకొంత ఓపిక పడితే మళ్లీ మిషన్ ముందు నిలబడేవాడు. లేత్ పని కూర్చుని చేసేది కాదు. ఆ కాలు నిలబడితేనే ఆయన పని నిలబడుతుంది, ఇల్లూ నిలబడుతుంది. భార్య ఇంట్లో జాకెట్లు కుట్టేది. సరిగ్గా ఆ సమయంలోనే కట్ల గది మూతపడింది, ఆయన మా తెర మీదికి వచ్చాడు.

తెర మీద ఆయన్ని చూస్తే ముచ్చటేసేది. తల దువ్వుకుని, చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, పాస్‌పోర్ట్ ఫొటోకు నిలబడ్డట్టు నిలబడేవాడు.

"కూర్చోండి, పర్వాలేదు" అనేది డాక్టరమ్మ.

"ఉండనియ్యండి మేడం. మీరు మాట్లాడుతుంటె కూసుంటనా?"

"సరే, పాదం ఒకసారి చూపించండి."

"మస్తు తక్కువైంది మేడం. నొప్పి గిట్ల అసలే లేదు."

"సంతోషమండి. అయినా ఒకసారి చూడాలి కదా."

అప్పుడు ఫోన్ కిందికి దిగేది. తెరలో ఫ్యాను, కుట్టుమిషన్, మంచం కోడు గిర్రున తిరిగేవి. ఆఖరికి ఎక్కడో దూరంగా నేలమీద పెట్టిన పాదం పైభాగం, దానికి చుట్టిన తెల్లటి గుడ్డ కనిపించేవి. మరుక్షణం మళ్లీ ఆయన ముఖం. "కింది వైపు చూపించండి" అంటే, "కిందగూడ గట్లనే ఉంది మేడం, మంచిగనే ఉంది" అనేవాడు. ఇంకోసారి అడిగితే ఫోన్ మళ్లీ గిర్రున తిరిగేది, మళ్లీ అదే ముఖం. ఈలోగా గోడమీద మా వరుస ఎర్రబడేది, వెనక నుంచి సూపర్‌వైజర్ గొంతు సవరించుకునేవాడు. "నెట్ సరిగ్గా లేనట్టుంది సిస్టర్, నొప్పి లేదంటున్నారు కదా" అని డాక్టరమ్మ నిట్టూర్చి టిక్కు పెట్టేది. నయమవుతోంది. మరుసటి కాల్‌లోనూ అదే తంతు, అదే టిక్కు.

ఆయన వెనకాల ఎప్పుడూ అగరుబత్తుల పొగ ఉండేది. మా ఇద్దరికీ అది భక్తిలాగే కనిపించింది. ఒకరోజు ఫోన్ తిరిగినప్పుడు నాకు ఒక్క క్షణం సరిగ్గా కనబడింది. ఆ అగరుబత్తులు దేవుడి పటం దగ్గర లేవు. సగం కోసిన ఆలుగడ్డకు గుత్తిగా గుచ్చి మంచం కాళ్లదిక్కున పెట్టారు. చుట్టూ ఈగలు. ఇళ్లల్లో పుండు వాసన కప్పిపుచ్చడానికి చేసే పని అది, ఎన్ని ఇళ్లల్లో చూశానో.

కట్ల గది మూయించిన ఆ మేనేజరే ఉప్పల్‌లో మా పైవాడు, ఆయన దగ్గరికి పోయి చెప్పాను. ఆ మనిషిని పిలిపించండి, లేదంటే నన్ను వెళ్లి చూసి రానివ్వండి అన్నాను. ఆయన తెర చూసి, "రికార్డులో హీలింగ్ అనే ఉంది కదా సిస్టర్. హోమ్ విజిట్ మన మోడల్‌లోనే లేదండి. ఒక్కరికి వెళ్తే అందరికీ వెళ్లాలి. మీరు ఎమోషనల్ అవుతున్నారు" అన్నాడు మెత్తగా. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎమోషనల్ అట! పుండు కుళ్లుతోందేమో చూద్దామంటే ఎమోషనల్ అట! ఒంట్లో బాగాలేదని చెప్పి హెడ్‌ఫోన్ బల్లమీద పెట్టి బయటపడ్డాను. అబద్ధమేమీ కాదు, నిజంగానే ఒళ్లంతా మండుతోంది. ఉప్పల్ నుంచి ఆయన ఉండే మల్లాపూర్ ఎంత దూరం, పిల్లల్లారా? ఆటోలో కూర్చుంటే ఇలా పోయి అలా దిగొచ్చు. ఆ కాస్త దూరాన్ని దాటడానికే మావాళ్లు అన్ని కంప్యూటర్లు కొన్నారు.

వాళ్ల గడపలోనే నాకు వాసన తెలిసిపోయింది. నన్ను చూడగానే ఆ మనిషి మంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను నేలమీద చతికిలబడి, ఆయన్ని కూర్చోమని, కాలు లాగి ఒళ్లో పెట్టుకుని గుడ్డ విప్పాను. వివరంగా రాయను. అరికాలు సగం నల్లబడింది. పుండులో లోపలి ఎముక తెల్లగా కనబడుతోంది. వాపు చీలమండ దాటింది. ముట్టుకుంటే ఆయనకు తెలియనే లేదు.

"ఏంది తమ్మీ ఇది! మేడం అన్నిసార్లు అడిగింది గదా, ఎందుకు సూపియ్యలే?" అని అరిచాను.

ఆయన తల దించుకున్నాడు. భార్య కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చింది. "నేను గూడ మస్తు లొల్లి జేసిన సిస్టరమ్మా. ఇనడు. ఎట్ల సూపియ్యాలె అంటడు. ఫోన్‌ల మేడం మొఖం కండ్ల ముంగట ఉంటది. గా మొఖానికి ఎదురుంగ అరికాలు ఎట్ల వెట్టాలె అంటడు."

"నా పానం కోసం సదువంతా సదివి మందులిచ్చే తల్లి" అన్నాడాయన, నా వైపు చూడకుండానే. "ఎదురుంగ ఉన్నట్టే సూస్తది, మాట్లాడతది. గామె మొఖం కాడికి కాలు లేపుతనా సిస్టరమ్మా? పుస్తకానికి కాలు తగిలితేనే మొక్కుతం. గంత పాపం నాతోని కాదు. నొప్పైతే లేకపాయె, అదే తగ్గుతది అనుకున్న."

నేను కూడా అలాంటి ఇంట్లోనే, అదే పెంపకంలో పెరిగినదాన్నే. పేపర్ తొక్కితే కళ్లకద్దుకునేదాన్నే. ఈ పద్ధతి తెలియనివాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు, సూపర్‌వైజర్ మొదలు మేనేజర్ దాకా. తెలిసీ ఒక్కరికీ తట్టలేదు. కాలు చూపించమని రోగిని అడగకుండా, తనే వంగి తీసుకోవడంలో భాయ్ ఎంత పని చేశాడో ఆ నేలమీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఆయన జీతమే దండగని లెక్క తేల్చారు మావాళ్లు.

అక్కడి నుంచే డాక్టరమ్మకు వీడియో కాల్ చేసి సంగతంతా చెప్పాను. ఆమె, "సిస్టర్, ఫోన్‌లో మా ప్రొఫెసర్ ఉంటే నేను మాత్రం పాదం పెట్టగలనా? నాకెందుకు తట్టలేదు?" అంది. "ఆయనకు చెప్పండి, నా కెమెరా తీసేస్తున్నాను. నా ముఖం కనిపించదు."

తెర నల్లబడింది. మేస్త్రి ఫోన్‌లోకి తొంగి చూశాడు. "మేడం పోయిండ్రా?" అని అడిగాడు. పోయింది, నల్లటి అద్దమే ఉంది అన్నాను. అప్పుడు ఆ ఫోన్‌ను రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుని నాకు ఇచ్చాడు. ఆ తర్వాతే కాలు ఎత్తాడు. అంతే, పిల్లల్లారా. ఒక్క బొమ్మ తీసేస్తే సరిపోయేది. అన్నాళ్లూ అడ్డుపడింది ఆ ఒక్కటే.

"వెంటనే ఆసుపత్రికి తీసుకురండి" అంది డాక్టరమ్మ నల్లటి తెర వెనక నుంచి. "నేనూ బయల్దేరుతున్నా."

మా ఆసుపత్రిలోనే ఇంకో వేడుక. ఎమర్జెన్సీ కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ చూసి, "ఇక్కడ నయమవుతోంది అని వస్తుంది మేడం, ఎమర్జెన్సీ అని ఎట్ల రాయాలె?" అన్నాడు. కాలు వాడి బల్లకు అవతలే ఉంది. వాసన వార్డుదాకా కొడుతోంది. వాడికి మాత్రం తెరలో ఉన్నదే నిజం. డాక్టరమ్మ వచ్చి, "అది రాసింది నేనే, తప్పు రాశాను, ఇప్పుడు చేర్చుకో" అని గట్టిగా అన్న తర్వాతగానీ స్ట్రెచర్ కదల్లేదు. సర్జన్ చూసి పెదవి విరిచాడు. కొన్నాళ్ల ముందు వస్తే వేలితో పోయేదన్నాడు. మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆపరేషన్ తర్వాత చూడటానికి వెళ్తే ఆ మనిషి నన్ను ఓదార్చాడు. "మీరు రాకుంటె పానమే పోయేదంట సిస్టరమ్మా" అన్నాడు. ఆయనకు ఎవరిమీదా కోపం లేదు. అది చూసే నాకు ఇంకా ఒళ్లు మండింది. ఆయన మర్యాద ఆయన కాలు తీసింది. ఆ మర్యాదే ఇప్పుడు మమ్మల్ని కాపాడుతోంది.

తర్వాత మీటింగ్ పెట్టారు. అదీ వీడియోలోనే. ఉప్పల్ ఆఫీసులో బల్ల చుట్టూ మేమంతా, ఎదుటి గోడమీద నిలువెత్తు తెరలో హెడ్ ఆఫీసు పెద్దసార్ ముఖం. మేనేజర్ తన రిపోర్ట్ చదివాడు. సారాంశం ఒక్క ముక్క: రోగి సహకరించలేదు.

"టిక్కు పెట్టింది నేను సార్, నా పేరు రాయండి" అంది డాక్టరమ్మ.

"అయ్యో, ఎవరినీ తప్పుపట్టడం లేదండి" అన్నాడు మేనేజర్. "అన్నిసార్లు అడిగాం, పేషెంటే చూపించలేదు. ఇక మీదట 'సంకోచించకుండా మీ పాదాన్ని కెమెరాకు దగ్గరగా చూపించండి' అని ముందే ఒక మెసేజ్ వెళ్లేలా పెడుతున్నాం. సమస్య తీరిపోతుంది."

కట్ల గది మళ్లీ తెరవమని నేను అడిగాను. అది క్లోజ్ అయిన విషయం అన్నాడు. డాక్టర్ ముఖం కనబడకుండా చేసే మీట ఒకటి పెట్టమన్నాను. పేషెంట్లకు డాక్టర్ ముఖం కనిపిస్తేనే నమ్మకం అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. అప్పుడు లేచి నిలబడ్డాను.

"సార్, ఒక్క చిన్న పని చేయండి. మీ బూటు, సాక్సు విప్పి, కుర్చీలోంచే కాలెత్తి, మీ అరికాలు ఆ తెర ముందు పెట్టండి. పెద్దసార్ చూస్తారు."

మేనేజర్ ముఖం కందగడ్డైంది. మెరిసే బూట్లు రెండూ కుర్చీ కిందికి వెళ్లిపోయాయి.

"సిస్టర్, ఏం మాట్లాడుతున్నారు?"

"సంకోచించకండి సార్. దగ్గరగా పెట్టండి."

ఆయన తెరలో ఉన్న ముఖం వైపు ఒకసారి చూసి, కళ్లు దించుకున్నాడు.

"అయితే రాసుకోమంటారా సార్," అన్నాను, "మేనేజర్ సహకరించలేదు అని?"

పెద్దసార్‌కు ఇంకో మీటింగ్ ఉందట, తెర ఆరిపోయింది. ఇంత మాట అన్నాక రిపోర్ట్ మారి ఉంటుందని మీరు అనుకుంటారేమో. మారలేదు. రోగి సహకరించలేదు అనే ముక్క అలాగే ఉంది, మేనేజర్ సంతకంతో. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, రిటైర్మెంట్ దగ్గర్లోనే ఉంది కదా, అదే పోతుందిలే అనుకున్నారు. డాక్టరమ్మ ఆ ఉద్యోగం వదిలేసి వేరే ఆసుపత్రిలో చేరింది. కట్ల గదిలో ఇప్పుడు పాత కుర్చీలు పేర్చారట.

నేను రిటైరై ఇంట్లో కూర్చున్న కొత్తలో, ఒక మధ్యాహ్నం మేస్త్రి నుంచి ఫోన్ వచ్చింది. కోసినచోట మానుతోందని, కట్టుడు కాలికి కొలత ఇంకా తీసుకోలేదని చెప్పాడు. షెడ్డు ఓనరు వేరేవాణ్ణి పెట్టుకున్నాడని కూడా చెప్పాడు, అదేదో వాన పడిందని చెప్పినట్టు. అప్పుడు అసలు సంగతికి వచ్చాడు.

"సిస్టరమ్మా, మీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మా ఆమె సదివింది. సంకోచించకుండ మీ కుడి పాదాన్ని కెమెరాకు దగ్గర్గ సూపియ్యమని రాసిన్రు. పొద్దటి నుంచి మూడుసార్లు వచ్చింది. గా కాలు లేదని వాళ్లకు ఎరికలేదా ఏంది? ఏం సూపియ్యాల్నో నాకు సమజైతలేదు. పెద్దోళ్లు అడుగుతుంటె జవాబియ్యకపోతె బాగుండదు గదా అని మీకు జేసిన."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అప్పటికీ ఆయనకు అదే బెంగ, అడిగినవాళ్ల మాట కాదనకూడదని.

"ఎవ్వరికీ ఏమీ సూపియ్యకు తమ్మీ" అన్నాను. "ఫోన్ పక్కన పెట్టు. నేనే వస్తున్న."

చెప్పులు వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాను.